మా తమ్ముడి జోకులు నాకొక్కదానికే అర్థమవుతాయి, మిగతావాళ్లకి టెన్షన్. ఏం చేయమంటారు?

అటక_కింద

ఓపిక ఉన్నవాళ్లే చదవండి, పొడుగ్గా రాస్తున్నాను. నాకు ఒక్కడే తమ్ముడు. నాకంటే 3 ఏళ్లు చిన్న, ఇప్పుడు 38. వాడంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసింది చదివితే ఫిర్యాదులా ఉంటుంది.

వాడు జోక్ వేసి నవ్వడు. ముఖంలో ఒక్క గీత కదలదు. వాడికి 7 ఏళ్లున్నప్పుడు ఇంట్లో లాంతరు గాజు పగిలింది. ఎవరు పగలగొట్టారని అమ్మ అడిగితే, వీడు తాపీగా పైకి చూసి "అటక మీద ఉంటాడే, అన్న, వాడు" అన్నాడు. అమ్మకి కోపం పోయి నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి మాకు ఇంకో అన్న ఉన్నాడు, పేరు అటకన్న. 31 ఏళ్లుగా ఉన్నాడు. మాతోపాటే పెరిగాడు, పరీక్ష తప్పాడు, కళ్లజోడు వచ్చింది, ఉద్యోగం వచ్చింది (ఎప్పుడూ రాత్రి షిఫ్టే, అందుకే ఎవరికీ కనపడడు), ఈమధ్య జుట్టు కూడా ఊడుతోందట. నా పెళ్లయ్యాక నాలుగు నెలల పాటు మా ఆయన నాకు నిజంగానే ఇంకో అన్న ఉన్నాడనుకున్నారు. పెళ్లికి ఎందుకు రాలేదని అడిగితే మావాడు "కిందికి దిగితే కళ్లు తిరుగుతాయండి బావగారూ, ఎత్తులో పెరిగినవాడు" అన్నాడు.

ఇంకా ఉంది. మా ఇంట్లో మూడో మెట్టు కిర్రుమంటుంది. పోయినసారి వచ్చినప్పుడు దానికి ఒక కాగితం అంటించి వెళ్లాడు: "గౌరవనీయులైన మూడో మెట్టు గారికి. విషయము: అర్ధరాత్రి దాటిన పిమ్మట తమరు చేయుచున్న శబ్దము గురించి. పై విషయమై రెండవ మెట్టు, నాలుగవ మెట్టు వారు మౌఖికముగా తెలియజేసియున్నారు. తమరి వయసును దృష్టిలో ఉంచుకొని ఈసారికి హెచ్చరికతో సరిపెట్టడమైనది." నేను ఆ మెట్టు మీదే కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. మా ఆయన రెండుసార్లు చదివి "అయితే వడ్రంగిని పిలవమంటున్నాడా?" అన్నారు.

ఇప్పుడు సమస్య. వచ్చే నెల వాడు మా ఇంట్లో రెండు వారాలు ఉంటాడు. అదే సమయానికి మా అత్తగారి వైపు వాళ్లు కూడా వస్తున్నారు. పోయినసారి మా ఆయన బాబాయిగారు "ఏం చేస్తుంటావు బాబూ" అని అడిగితే వీడు "నిశ్శబ్దం తనిఖీ అధికారినండి, ఇంటింటికీ వెళ్లి నిశ్శబ్దం సరిపడా ఉందో లేదో చూస్తాను" అన్నాడు. ఆయన పాపం అరగంట సేపు జీతం, బదిలీలు, పెన్షన్ గురించి అడిగారు. వీడు అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. తర్వాత అసలు సంగతి తెలిసి ఆయన నొచ్చుకున్నారు.

అందుకే మా ఆయన "ఈసారి మీ తమ్ముణ్ణి కాస్త మామూలుగా ఉండమను" అన్నారు. నేను చెబితే వాడు వింటాడు, అదే నా భయం. ఒక్క మాట ఎదురు చెప్పకుండా మామూలుగా ఉంటాడు. చెప్పాలా, వద్దా?

స్క్రూల_డబ్బా

చెప్పకండి. మా అన్నయ్య ఆరేళ్లుగా మా ఇంటికి వచ్చినప్పుడల్లా వెళ్లేముందు నేల మీద ఒక స్క్రూ పడేసి పోతున్నాడు. ఒక్కటే. అది దేనిలోంచి ఊడిందో తెలియక నేను వారం రోజులు కుర్చీలు, తలుపులు, కుట్టుమిషను అన్నీ తిరగేసి చూసేదాన్ని. మూడో ఏడు దాకా పట్టుకోలేకపోయాను. ఇప్పుడు డబ్బాలో 23 ఉన్నాయి. పోయినసారి వచ్చి ఏమీ వదలకుండా వెళ్లాడు. ఆ వారమంతా ఇల్లు బోసిగా అనిపించింది, నిజంగా చెబుతున్నా.

గట్టెక్కినవాడు

మూడో మెట్టు ఉత్తరం అద్భుతం. "మౌఖికముగా తెలియజేసియున్నారు" దగ్గర ఆగిపోయాను.

మా చెల్లిది ఇంకో రకం, మాటని మాటగానే తీసుకుంటుంది. కళ్లు నెత్తికెక్కాయా అని అమ్మ తిడితే కళ్లజోడు తీసి నెత్తి మీద పెట్టుకుని "ఇప్పుడెక్కాయి" అనేది. ఏం చేస్తున్నావే అంటే "కాలక్షేపం" అని ఒక కాలు గాల్లోకి విసిరేది, క్షేపం అంటే విసరడమేనట! డిగ్రీ ఫలితాల రోజు ఎక్కడా కనపడలేదు. చూస్తే పెరటి గోడ ఎక్కి నిలబడి ఉంది. ఏమిటే అంటే "గట్టెక్కాను". నా పేరు అక్కడి నుంచే వచ్చింది.

నిదానంగా_చదువుతా

అందరూ నవ్వుతున్నారు సరే, నేను బాబాయిగారి వైపు మాట్లాడతాను. మెట్టుకి ఉత్తరం రాస్తే ఎవరికీ నష్టం లేదు, మెట్టు నొచ్చుకోదు. పెద్దాయనతో అరగంట ఆడటం వేరు. అక్కడ ఆట జరుగుతోందని ఒక్కరికే తెలుసు. రెండోవాళ్లకి తెలియని ఆట ఆట కాదు. ఆయన శ్రద్ధగా పెన్షన్ గురించి అడిగారంటే ఆ కుర్రాడి బాగోగులు ఆలోచిస్తున్నట్టే కదా. ఆ మంచితనంతో ఆడుకున్నట్టయింది. మీ తమ్ముడు చెడ్డవాడని అనడం లేదు. కానీ మీ ఆయన అడిగింది అన్యాయం కాదు.

అటక_కింద

నిదానంగా గారూ, మీరన్నది గుచ్చుకుంది, నిజం కాబట్టే. బాబాయిగారు పెన్షన్ అడిగింది ప్రేమతోనే అని నాకు అప్పుడు తట్టలేదు. వాడి తరఫున ఒక్క మాట చెబుతాను. ఆయన నమ్మేశారని వాడికి ఐదు నిమిషాలకే తెలిసింది, ఎలా ఆపాలో తెలియలేదట. "మధ్యలో ఆపితే ఆయన్ని నలుగురిలో వెర్రివాణ్ణి చేసినట్టవుతుందక్కా, అందుకే జవాబులు చెబుతూ పోయాను" అన్నాడు తర్వాత.

స్క్రూల_డబ్బా

అదిగో, మనసు మంచిదే.

మూడు_ముక్కల్లో

నా అనుభవం వేరు, అందుకే "జోకులే కదా" అనే మాట వింటే నాకు పడదు. మా అన్న కూడా ఇంట్లో అందరినీ నవ్వించేవాడే. అయితే ప్రతిసారీ ఆ నవ్వుకి కారణం నేనే. నా నడక, నా లావు, నా గొంతు. ఏడిస్తే "జోక్ కూడా తీసుకోలేవా" అనేవాడు. 19 ఏళ్లు వచ్చేదాకా నాకే హాస్యం తెలియదని నమ్మాను. ఇంట్లోంచి బయటికొచ్చాక నా స్నేహితులందరూ నా మాటలకే నవ్వేవారు! అప్పుడు తెలిసింది లోపం ఎక్కడుందో.

మీ తమ్ముడి గురించి మీరు రాసిన వాటిలో ఒక్క చోట కూడా వాడు ఎవరి రూపాన్నో లోపాన్నో ఎత్తిచూపలేదు. వెతికాను కూడా. మెట్టు, అటక, ఉద్యోగం, అంతే.

మనసు_విద్యార్థి

మూడు ముక్కల్లో గారు చెప్పిన తేడా మీదే మనస్తత్వశాస్త్రంలో చాలా పని జరిగింది. 2003లో రాడ్ మార్టిన్ అనే కెనడా శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి హాస్యం వాడే తీరుని నాలుగుగా విడదీసి, కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మనుషుల్ని దగ్గర చేసే హాస్యం, కష్టంలో తనను తాను నిలబెట్టుకునే హాస్యం, ఎదుటివాళ్లని కించపరిచే హాస్యం, తనను తాను తక్కువ చేసుకుని నవ్వించే హాస్యం. మొదటి రెండూ మనిషికి మేలు చేసేవి, చివరి రెండూ కీడు చేసేవి అని వాళ్ల లెక్క. మూడు ముక్కల్లో గారి అన్నది మూడో రకం. అటక గారి తమ్ముడిది మొదటిదో రెండోదో.

ఛందస్సు_మాస్టారు

గదులు కట్టి మనుషుల్ని అందులో కూర్చోబెట్టడం నాకు నచ్చదు గానీ, కట్టాలంటే మనవాళ్లు ఎప్పుడో కట్టారు. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వుని ఆరుగా చెప్పాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనపడకుండా నవ్వేది స్మితం, కళ్లనీళ్లు పెట్టుకుని ఒళ్లు ఊగిపోయేలా నవ్వేవి చివరివి. ఉత్తములకి మొదటి రెండు, మధ్యములకి మధ్య రెండు, చివరి రెండు అధములకి అని పంచాడు. ఆ పంపకంతో నాకు పేచీ ఉంది. మెట్టు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్విన అక్కని ఏ లెక్కన అధమురాలంటాం!

ఇక్కడ అసలు పనికొచ్చేది ఇంకో విభజన. హాస్యం ఆత్మస్థం, పరస్థం అని రెండు. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులని నవ్విస్తే పరస్థం. ఈ అబ్బాయి పూర్తిగా పరస్థం, తనకి స్మితం కూడా మిగుల్చుకోడు.

గట్టెక్కినవాడు

మాస్టారూ, "కాలక్షేపం" అర్థం మా చెల్లి సరిగ్గానే చెప్పిందా?

ఛందస్సు_మాస్టారు

క్షేపం అంటే విసరడమే, గడపడం అనే అర్థం కూడా ఉంది. కాలం, కాలు కలిపేసింది కాబట్టి వ్యాకరణం ఒప్పుకోదు. నేను ఒప్పుకుంటాను. మంచి శ్లేష.

రెండు_పళ్ల_పాప

మా పాపకి ఇప్పుడు తొమ్మిదో నెల. బొమ్మ ఇస్తున్నట్టు చెయ్యి చాపుతుంది, వాళ్ల అన్న తీసుకోబోతే టక్కున వెనక్కి లాక్కుని వాడి ముఖంలోకి చూస్తుంది. వాడు ఐదేళ్లవాడు, ప్రతిసారీ మోసపోయినట్టు నటిస్తాడు. దీని గురించి చదివితే తెలిసింది, వాసుదేవి రెడ్డి అనే శాస్త్రవేత్త పసిపిల్లల ఈ ఆటపట్టించడం మీద ఏళ్ల తరబడి పనిచేశారట. మాటలు రాకముందే, ఏడాది నిండకుండానే ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం మొదలవుతుందని ఆమె చూపించారు. అంటే ఎదుటివాళ్లు ఏం ఆశిస్తున్నారో పాపకి అప్పటికే తెలుసన్నమాట. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో ఒరాంగుటాన్, చింపాంజీ, బొనోబో, గొరిల్లా నాలుగూ ఇలాగే తోటివాళ్లని ఆటపట్టిస్తాయని వీడియోలు చూసి తేల్చారు.

నాకు ముద్దొచ్చిన విషయం ఏమిటంటే, లాక్కున్నాక పాప బొమ్మ వైపు చూడదు. అన్న ముఖం వైపే చూస్తుంది. వాడు నవ్వాడా లేదా అని.

నిదానంగా_చదువుతా

ఈ చివరి మాట బాగుంది. మీ తమ్ముడు జోక్ వేశాక ఎటు చూస్తాడు అటక గారూ?

అటక_కింద

నా వైపు. ఎంతమంది ఉన్నా నా వైపే, అరక్షణం. ఇప్పటిదాకా నేను దీన్ని గమనించలేదు.

రాతలో_నవ్వు

మీ ఆయనకి వాడి మెట్టు ఉత్తరం అర్థం కాలేదంటే అది ఆయన తప్పు కాదు. రాతలో గొంతు ఉండదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలాస్ ఎప్లీ, ఇంకొందరు కలిసి ఒక ప్రయోగం చేశారు. వ్యంగ్యంగా కొన్ని, మామూలుగా కొన్ని వాక్యాలు ఈమెయిల్లో పంపించారు. పంపినవాళ్లు సుమారు 78 శాతం అర్థమవుతాయనుకున్నారు, చదివినవాళ్లు కనిపెట్టింది 56 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 50 వస్తుంది కదా! అదే ఫోనులో గొంతు వింటే అంచనాకి దగ్గరగా వచ్చారు.

అసలు :-) పుట్టిందే ఇందుకు. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, కంప్యూటర్లో అందరూ సందేశాలు రాసుకునే బోర్డు మీద జోకుల్ని జనం నిజమనుకుంటున్నారని, జోక్ పక్కన ఈ గుర్తు పెట్టమని సూచించాడు. అంతకుముందు లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో సరదాకి రాస్తే కొందరు నిజంగానే కంగారు పడ్డారట. మీ తమ్ముడికి ఒక గుర్తు ఇవ్వండి. ముఖంలో గీత కదలకపోయినా ఫర్వాలేదు, చెయ్యి ఎక్కడో పెడతాడు, ఇంట్లోవాళ్లకి మాత్రం తెలుస్తుంది.

స్క్రూల_డబ్బా

గుర్తు పెట్టాక ఇంకేం మిగులుతుందండీ. మా అన్నయ్య స్క్రూ మీద "ఇది జోక్" అని చీటీ అంటించినట్టుంటుంది.

రాతలో_నవ్వు

అందరికీ కాదు, బావగారికి ఒక్కరికే. ఆయన్ని కూడా లోపలికి రానివ్వండి అంటున్నా. బయట నిలబడ్డవాడికే కదా భయం.

నవ్వుల_లెక్క

ఇది ముఖ్యమైన మాట. రాబర్ట్ ప్రొవిన్ అనే శాస్త్రవేత్త, బజారులో, కళాశాలల్లో మాట్లాడుకునేవాళ్ల దగ్గర 1,200 నవ్వుల్ని నమోదు చేశాడు. వాటిలో జోక్ అనదగ్గ మాట తర్వాత వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "ఇంక వెళ్తానురా", "అదిగో వచ్చాడు" లాంటి ఉత్త మాటల తర్వాత. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయనే తేల్చాడు. అందుకే బావగారికి జోకులు విడమర్చి చెప్పడం దండగ. ఆయన్ని మీ ఇద్దరి పక్కన కూర్చోబెట్టుకోండి చాలు.

వార్డు_నంబర్_రెండు

ఆసుపత్రిలో పనిచేస్తాను. ఒక్క విషయం అందరికీ ఉపయోగపడుతుందని చెబుతున్నా, అటక గారు కంగారు పడొద్దు, ఇది మీ తమ్ముడి గురించి కాదు. చిన్నప్పటి నుంచి ఉన్న వింత హాస్యం జబ్బు కాదు. కానీ నడివయసు దాటినవాళ్లలో హాస్యం *మారితే*, అంటే ఎప్పుడూ సున్నితంగా ఉండే మనిషి ఎవరో చనిపోయిన చోట నవ్వడం, అసహ్యమైన మాటలకి పగలబడటం మొదలుపెడితే పట్టించుకోండి. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా అనే, మెదడు క్షీణించి ప్రవర్తన మారిపోయే జబ్బులో, మిగతా లక్షణాలకి కొన్నేళ్ల ముందే ఇలాంటి మార్పు ఇంట్లోవాళ్లు చూశారని 2015లో లండన్ పరిశోధకులు రాశారు. దాన్ని మొదట గుర్తుపట్టేది తోబుట్టువులూ జీవిత భాగస్వాములే.

అటక_కింద

లేదండీ, మావాడు 7 ఏళ్లప్పుడు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అంతే. ఎలాంటి చోటైనా అంతే. నాన్నకి ఆపరేషన్ జరుగుతున్న రాత్రి కూడా, ఆసుపత్రి వరండాలో నేను వణికిపోతుంటే, వాడు పక్కన కూర్చుని గోడ వైపు చూస్తూ "అటకన్న ఫోన్ చేశాడక్కా, బాగా ఏడుస్తున్నాడు, నేనే సర్దిచెప్పాను" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పుడా ఈ పరాచికాలు అన్నాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. నాన్న బాగానే బయటపడ్డారు లెండి.

గట్టెక్కినవాడు

అమ్మయ్య, నాన్నగారు బాగున్నారు కదా.

ఖాళీ_కుర్చీ

నాకు అన్న లేడు ఇప్పుడు. నాలుగేళ్లయింది. వాడు నా ఫోనులో తన పేరు ఎప్పుడూ మారుస్తుండేవాడు, నేను చూడనప్పుడు తీసుకుని. ఒకసారి "ఎత్తకు", ఒకసారి "మళ్లీ వీడే", ఒకసారి "నీ మంచి కోరేవాడు (అప్పుడప్పుడు)". చివరిసారి మార్చింది "తర్వాత చేస్తాడులే". అలాగే ఉంచాను.

అటక గారూ, మామూలుగా ఉండమని చెప్పకండి. నేను ఇంతకంటే రాయలేను.

స్క్రూల_డబ్బా

ఖాళీ కుర్చీ గారూ, ఆ పేరు మార్చకండి.

మూడు_ముక్కల్లో

ఖాళీ కుర్చీ గారి మాట చదివాక మొత్తం మొదటి నుంచి మళ్లీ చదివాను. అటక గారూ, ఒకటి అడుగుతాను, తప్పైతే క్షమించండి. ఆసుపత్రి వరండాలో "అటకన్న ఏడుస్తున్నాడు" అన్నాడన్నారు. అది జోకేనా?

లాంతరు గాజు పగలగొట్టింది వాడు, పేరు అటకన్నది. పరీక్ష తప్పింది ఎవరు? కళ్లజోడు వచ్చింది ఎవరికి? జుట్టు ఊడుతోంది ఎవరికి? మీరు ఆ వరుస రాసినప్పుడు నేను నవ్వుకుంటూ చదివేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నిదానంగా_చదువుతా

అవును. నేను కూడా దాటేశాను. పెద్దాయన సంగతి పట్టుకుని కూర్చుని ఇది చూడలేదు.

మనసు_విద్యార్థి

కష్టంలో తనను నిలబెట్టుకునే హాస్యం అని పైన రాసిందీ నేనే, దీన్ని గుర్తుపట్టలేనిదీ నేనే. అయితే మూడు ముక్కల్లో గారూ, ప్రతి జోక్ వెనకా ఏడుపు వెతకడం కూడా సరికాదు. నవ్వు కోసమే వేసే జోకులుంటాయి, మెట్టు ఉత్తరం అలాంటిదే.

మూడు_ముక్కల్లో

మెట్టు ఉత్తరం గురించి నేనేమీ అనలేదు. ఒక్క అటకన్న గురించే.

అటక_కింద

మూడు రోజులుగా ఇక్కడికి రాలేదు, క్షమించండి. వాడి పాత మెసేజులన్నీ తిరగేస్తూ కూర్చున్నాను. పరీక్ష తప్పింది వాడే. ఇంటర్ రెండో ఏడు. నాన్నకి చెప్పడానికి ముందు నా దగ్గరికి వచ్చి "అటకన్న లెక్కల్లో పోయాడట, నాన్నకి ఎవరు చెబుతారు" అన్నాడు. నేను నవ్వి వెళ్లిపోయాను. మర్నాడు నిజం తెలిసింది, ఈ మాటని ఆ మాటతో కలుపుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో "అటకన్నకి గదిలో ఒక్కడికే భయమేస్తోందట" అని ఒక మెసేజు ఉంది. నేను దానికి నవ్వు బొమ్మ పెట్టాను. ఒక్క నవ్వు బొమ్మ.

పోయిన ఆరు నెలల్లో పంపినవి చూశాను. అటకన్న పన్నెండు సార్లు ఉన్నాడు. అంతకుముందు ఏడాది మొత్తం నాలుగు సార్లే.

వార్డు_నంబర్_రెండు

ఫోన్ చేయండి. మెసేజు కాదు, ఫోన్.

రాతలో_నవ్వు

నేనూ అదే అనబోయాను. గొంతు వినండి.

గట్టెక్కినవాడు

ఎలా అడుగుతారు? "నువ్వు బాగున్నావా" అంటే "బ్రహ్మాండం" అంటాడు. మా చెల్లి అంతే, తిన్నగా అడిగితే గోడ ఎక్కేస్తుంది.

ఛందస్సు_మాస్టారు

వాడి భాషలోనే అడగాలి. 31 ఏళ్లుగా ఒక భాష కట్టుకున్నారు ఇద్దరూ, దాన్ని పక్కనపెట్టి మామూలు భాషలో అడిగితే పరాయిగా ఉంటుంది.

అటక_కింద

చేశాను. నిన్న రాత్రి.

"అటకన్న ఎలా ఉన్నాడురా?" అన్నాను. నేనుగా వాణ్ణి అడగడం ఇదే మొదటిసారి, ఎప్పుడూ వాడే తెచ్చేవాడు ఆ పేరు. అటు చాలాసేపు చప్పుడు లేదు. లైన్ కట్టయిందనుకున్నాను. తర్వాత, "నిద్ర పట్టడం లేదటక్కా" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే ఆరు నెలలట. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారట, ప్రతి శుక్రవారం ఎవరో ఒకరిని గదిలోకి పిలుస్తున్నారట, శుక్రవారం పోతే హమ్మయ్య అనుకుని మళ్లీ సోమవారం నుంచి మొదలట. ఎవరికీ చెప్పలేదట. అన్నీ "అట"లే. మా అటకన్న మాటలన్నీ అట మీదే నడుస్తాయి.

నేను సలహాలేమీ ఇవ్వలేదు. "ఇంకా ఏమన్నాడు" అని అడుగుతూ పోయాను. గంటన్నర మాట్లాడాం. మధ్యలో ఎక్కడో "అట" పోయి "నాకు" వచ్చింది, అది వాడు గమనించాడో లేదో తెలియదు, నేను కదిపితే చెదురుతుందని ఊరుకున్నాను. చివర్లో నాన్న ఆపరేషన్ రాత్రి సంగతి ఎత్తి, ఆ రోజు కోప్పడ్డాను కదరా అన్నాను. "నేనేమీ అనుకోలేదక్కా, అటకన్న కొంచెం అనుకున్నాడు" అన్నాడు. ఇద్దరం నవ్వాం, నేను ఏడ్చాను కూడా.

స్క్రూల_డబ్బా

నేనూ.

మూడు_ముక్కల్లో

అడిగినందుకు మీకు కోపం రాలేదు కదా?

అటక_కింద

కోపమా! మీరు అడగకపోతే ఇంకో 30 ఏళ్లు నవ్వు బొమ్మలు పెడుతూ ఉండేదాన్ని.

నిదానంగా_చదువుతా

మరి బాబాయిగారు?

అటక_కింద

మర్చిపోతాను అనుకున్నారా. అదీ అడిగాను. "ఆయన మంచాయన్రా, నీ పెన్షన్ గురించి దిగులు పడ్డాడు" అన్నాను, నిదానంగా గారి మాటే. వాడు ఈ రోజు పొద్దున ఆయనకే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడట. తమాషా ఏమీ లేకుండా, తిన్నగా. ఆయన అంతా విని "సరేలే గానీ, వచ్చినప్పుడు మా ఇంటికి కూడా రా, మా పక్కింటివాళ్లు టీవీ గట్టిగా పెడుతున్నారు, నిశ్శబ్దం తనిఖీ చేసి ఒక నోటీసు ఇచ్చి పో" అన్నారట! నోటీసు ముసాయిదా అప్పుడే తయారైంది, నాకు పంపించాడు. "పై విషయమై తమరి గోడ మౌఖికముగా తెలియజేసియున్నది" అని మొదలైంది.

గట్టెక్కినవాడు

గోడ! మౌఖికముగా!

నవ్వుల_లెక్క

బావగారికి చెప్పారా ఇదంతా?

అటక_కింద

రాత్రే చెప్పాను. అటకన్న ఎవరో, ఎప్పుడెప్పుడు వస్తాడో అన్నీ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, విని పడుకున్నారు. ఇప్పుడే చూశాను, నిచ్చెన వేసుకుని అటక ఎక్కి దుమ్ము దులుపుతున్నారు. ఈ టైంలో ఏమిటండీ అంటే "ఇద్దరు వస్తున్నారుగా" అన్నారు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

స్క్రూల_డబ్బా

దిగేలోపు అక్కడ ఒక స్క్రూ పెట్టి రమ్మనండి.